ఉర్కేమా కొండకు స్కౌట్ల పేరు

నేపాల్‌లో ఖాట్మండుకు ఉత్తరాన, లాంగ్‌టాంగ్ ప్రాంతంలో ఉర్కేమా అనే మంచు శిఖరం ఉంది. ఎత్తు 5,800 మీటర్ల పైమాటే. 2007లో స్కౌట్ ఉద్యమానికి నూరేళ్లు నిండిన సందర్భాన్ని పురస్కరించుకుని ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మనిషి పేరు మీద దాన్ని బేడెన్ పావెల్ స్కౌట్ పీక్ అని మార్చారు. ఇప్పుడు ట్రెక్కింగ్ జాబితాల్లో కొత్త పేరే ముందుంటుంది. పాత పేరు కనబడితే పక్కన బ్రాకెట్లో కనబడుతుంది.

హిమాలయాల్లో ఇది చిన్న కొండ కిందే లెక్క. అదే ప్రాంతంలోని లాంగ్‌టాంగ్ లిరుంగ్ 7,200 మీటర్లు దాటుతుంది. ఎవరెస్టులాగానో, అన్నపూర్ణలాగానో పేరు చెప్పగానే అందరూ గుర్తుపట్టే శిఖరం కాదు. అయినా ఈ పేరు మార్పు దగ్గర కాసేపు ఆగాలి. నేలను చదవడం, దారి పోల్చుకోవడం, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకోవడం పిల్లలకు అలవాటు చేసిన ఉద్యమం అది. ఆ ఉద్యమాన్ని గౌరవించడానికి, ఆ నేల మీద అప్పటికే ఉన్న పేరును పక్కకు జరిపారు. ఈ రెండూ ఎంత సర్దిచెప్పుకున్నా పొసగవు.

స్కౌట్ అనే మాటకు తెలుగులో దగ్గరి మాట వేగు. సైన్యం కంటే ముందు వెళ్లి దారి, నీళ్లు, శత్రువు జాడ చూసి వచ్చేవాడు. బ్రిటిష్ సైన్యాధికారి రాబర్ట్ బేడెన్ పావెల్ ఈ పనిలో ఆరితేరారు. దక్షిణాఫ్రికాలో మాఫెకింగ్ పట్టణాన్ని 1899-1900లో 217 రోజుల ముట్టడి నుంచి కాపాడాక ఇంగ్లండులో ఆయన పేరు మారుమోగిపోయింది. సైనికుల కోసం ఆయన వేగుపని మీద రాసిన చిన్న పుస్తకం పిల్లల చేతుల్లోకి వెళ్లింది. దాంతో అదే విద్యను పిల్లలకు తగ్గట్టుగా మలచాలనుకున్నారు. 1907 ఆగస్టు 1న ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో 20 మంది అబ్బాయిలతో క్యాంపు పెట్టారు. కలవారి పిల్లలూ, కూలినాలి చేసుకునే ఇళ్ల పిల్లలూ అక్కడ కలిసి ఉన్నారు. పొద్దున్నే వాళ్లను లేపడానికి ఆయన ఊదింది ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న కుడూ జింక కొమ్ము. నూరేళ్ల తరువాత 2007 ఆగస్టు 1న అదే దీవిలో ఆ కొమ్మును మళ్లీ ఊదారు. ఉర్కేమా పేరు మార్పు కూడా ఆ శతాబ్ది సంబరాల్లో భాగమే.

స్కౌటింగ్ అంటే ఏమిటో ఉపన్యాసాల కంటే ఒక చిన్న ఆటలో బాగా తెలుస్తుంది. మన ఊళ్ల బడుల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరిన పిల్లలు ఇప్పటికీ ఆడే ఆటే. ఒక జట్టు దారిలో గుర్తులు పెట్టుకుంటూ ముందు బయల్దేరుతుంది. మూడు ఎండుపుల్లలు బాణంలా పేరిస్తే, ఇటు రండి అని. రెండు పుల్లలు ఇంటూ ఆకారంలో పెడితే, ఇటు రావద్దు అని. రాయి మీద చిన్న రాయి పెడితే, ఇదే సరైన దారి అని. చివరికి చేరాక నేల మీద గుండ్రంగా గీత గీసి మధ్యలో ఒక చుక్క పెడతారు. ఇంటికి వెళ్లిపోయాం అని దాని అర్థం. వెనక జట్టు తలలు వంచుకుని, మెడలో స్కార్ఫులు ఊగుతుంటే, ఒక్కో పుల్లనూ ఒక్కో రాయినీ చదువుకుంటూ వస్తుంది. ఏది గాలికి రాలిన పుల్లో, ఏది మనిషి పెట్టిన పుల్లో పోల్చుకోవడంలోనే ఉంది అసలు విద్య.

కొండ పేరు కూడా ఇలాంటి గుర్తే. ముందు నడిచినవాళ్లు వెనక వచ్చేవాళ్ల కోసం వదిలిపెట్టింది.

లాంగ్‌టాంగ్ అనే పేరునే చూడండి. టిబెటన్ భాషలో లాంగ్ అంటే ఎద్దు, టాంగ్ అంటే వెంబడించడం అని చెబుతారు. తప్పిపోయిన తన పశువును వెతుక్కుంటూ వచ్చిన ఒక కాపరి ఈ లోయను మొదట చూశాడని అక్కడి కథ. ఆ పేరులో ఒక మనిషి ఉన్నాడు, ఒక పశువు ఉంది, సాయంత్రమైనా ఇంటికి రాని దాని కోసం పడిన ఆరాటం ఉంది. పల్లెల్లో పశువులు కాసిన ఎవరికైనా ఈ పేరు వెంటనే అర్థమవుతుంది. అది ఎవరో కూర్చుని పెట్టిన పేరు కాదు, బతుకులోంచి వచ్చిన పేరు.

హిమాలయాల్లో చాలా పేర్లు ఇలాగే పుట్టాయి. అక్కడ లా అంటే కనుమ, రి అంటే కొండ. నేపాలీలో ఖర్కా అంటే వేసవిలో పశువులను తోలుకెళ్లే ఎత్తైన మేత బీడు. ల్హోత్సే అంటే దక్షిణ శిఖరం, నుప్త్సే అంటే పడమటి శిఖరం. ఎటు ఉందో చెప్పే పేర్లు అవి. కాపరికి కావలసింది మేత ఎక్కడ ఉంది, నీళ్లు ఎక్కడ ఉన్నాయి, అవతలి లోయలోకి ఎటు దిగాలి అన్నవే. కాబట్టి కనుమలకూ బీళ్లకూ వాగులకూ పేర్లు ఎక్కువ, ఎవరూ ఎక్కని శిఖరాలకు తక్కువ. దేవుడు ఉంటాడని నమ్మిన కొండకు పేరుంటుంది, దారి చూపే కొండకు పేరుంటుంది. మిగతావి ఎన్నో పేరు లేకుండానే ఉండిపోయాయి. సర్వే వాళ్లు వచ్చి వాటికి నంబర్లు వేశారు. కారకోరం రెండో శిఖరం అని రాసుకున్న కె2కు ఇప్పటికీ ఆ నంబరే పేరు.

కాబట్టి కొండకు కొత్త పేరు పెట్టడమే తప్పు అనడం సరికాదు. పేరులేని శిఖరానికి స్కౌట్ల పేరు పెడితే కాదనడానికి పెద్దగా కారణం ఉండదు. కానీ ఉర్కేమాకు ఒక పేరు ఉంది. చిక్కంతా అక్కడే.

ఈ చిక్కు అక్కడ ఎంత బరువైనదో 2015 ఏప్రిల్ 25 తరువాత ఇంకా బాగా తెలిసింది. ఆ రోజు నేపాల్‌ను కుదిపేసిన భూకంపంలో లాంగ్‌టాంగ్ ఊరి మీదికి పైనుంచి మంచు, రాళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఊరు ఊరంతా వాటి కింద కప్పుకుపోయింది. ఊరివాళ్లూ, బయటినుంచి వచ్చిన ట్రెక్కర్లూ కలిపి వందల మంది ప్రాణాలు కోల్పోయారు. పేర్లు కాగితాల మీద కంటే ముసలివాళ్ల నోళ్లలో ఎక్కువగా నిలిచే చోట ఇలాంటి విపత్తు వస్తే, ఏ బీడును ఏమంటారో, ఏ మలుపుకు ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పగలిగిన మనుషులే పోతారు. అలాంటి నేల మీద మిగిలిన ఒక్కో పాత పేరూ విలువైనదే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ భూకంపం తరువాత సహాయ పనుల్లోకి నేపాల్ స్కౌట్లు కూడా దిగారు. 1952లో మొదలైన ఆ సంస్థకు అక్కడి జనంలో గౌరవం ఉంటే, అది ఇలాంటి పనుల వల్లే తప్ప శిఖరానికి పెట్టిన బోర్డు వల్ల కాదు.

పేరు మార్చేటప్పుడు పై నుంచి చూసేవాళ్లకు ఒకటి కనిపిస్తుంది, కింద ఉండేవాళ్లకు ఇంకొకటి. ఎవరెస్టు కథలో ఇది స్పష్టంగా కనబడుతుంది. సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన బెంగాలీ గణిత శాస్త్రజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ 1852లో లెక్కలు కట్టి పదిహేనో శిఖరమే ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనదని తేల్చారు. సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా 1856లో దానికి తన ముందటి అధికారి జార్జ్ ఎవరెస్టు పేరు ప్రతిపాదించారు. స్థానిక పేరేదో తేలడం లేదన్నది ఆయన చెప్పిన కారణం. టిబెటన్లు దాన్ని చోమోలుంగ్మా అంటారన్న సంగతి అంతకు వందేళ్ల ముందే ఫ్రెంచి వాళ్ల మ్యాపుల్లోకి ఎక్కింది. విశేషమేమిటంటే, ఎవరెస్టు దొరే ఈ పేరుకు అభ్యంతరం చెప్పారు. తన పేరును హిందీలో రాయడం కష్టమని, భారతీయులకు నోరు తిరగదని ఆయన అన్నారు. అయినా 1865లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. నేపాలీ చరిత్రకారుడు బాబురామ్ ఆచార్య సగర్‌మాథా అనే పేరును ముందుకు తెచ్చేసరికి 1930లు వచ్చేశాయి. ఎవరి పేరు పెడుతున్నారో ఆ మనిషే వద్దన్నా ఆగని పేరు అది. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

స్కౌట్ల పేరు మీద కొండ ఉండడం నేపాల్‌తో మొదలవలేదు. అమెరికాలో లాస్ ఏంజిలస్ నగరానికి ఈశాన్యంగా శాన్ గేబ్రియల్ పర్వతాల్లో మౌంట్ బేడెన్ పావెల్ ఉంది. ఎత్తు సుమారు 9,400 అడుగులు. దీన్ని అంతకుముందు నార్త్ బాల్డీ అనేవాళ్లు. 1931లో బేడెన్ పావెల్ పేరు పెట్టారు, అప్పటికి ఆయన బతికే ఉన్నారు. పక్క కొండ పేరు మౌంట్ బర్నమ్. ఫ్రెడరిక్ రస్సెల్ బర్నమ్ అనే అమెరికన్ వేగు 1896లో ఇప్పటి జింబాబ్వేలోని మటోబో కొండల్లో బేడెన్ పావెల్‌తో కలిసి తిరుగుతూ అడవిలో జాడ తీసే విద్యను ఆయనకు నేర్పాడు. స్కౌట్ల మెడలో కనబడే స్కార్ఫు వెనక కూడా బర్నమ్ ప్రభావం ఉందంటారు. గురుశిష్యులిద్దరూ పక్కపక్క శిఖరాలుగా నిలబడ్డారన్నమాట.

ఈ కొండ మీద పేరు నిలిచిపోయింది. నిలిపింది బోర్డు కాదు, నడక. విన్సెంట్ గ్యాప్ అనే చోటి నుంచి పైకి నాలుగు మైళ్ల కాలిబాట ఉంది. నలభై దాకా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ గాలికి మెలితిరిగిపోయిన పైన్ చెట్లు కనబడతాయి. వాటిలో కొన్నిటి వయసు 1,500 ఏళ్లు. ఆ ప్రాంతపు స్కౌట్లు 1940ల నుంచి సిల్వర్ మొకాసిన్ ట్రైల్ అనే 50 మైళ్లు దాటిన దారిలో వీపున సంచులు మోసుకుంటూ ఈ కొండ మీదుగా నడుస్తున్నారు. 1957లో శిఖరం మీద ఒక స్మారకం కట్టారు. తాత నడిచిన దారిలో మనవడు నడిచే కొండ అది. ఊపిరి ఎగపోస్తూ ఎక్కిన పిల్లవాడికి ఆ పేరు పాఠంలో చదివిన పేరులా ఉండదు, తన కాళ్ల నొప్పితో కలిసిపోయిన పేరులా ఉంటుంది. పైగా నార్త్ బాల్డీ అన్నది బట్టతల కొండ అని వలస వచ్చినవాళ్లు పెట్టుకున్న పేరు, అదేమీ తరతరాల పేరు కాదు. అందువల్ల అక్కడి మార్పుకూ ఉర్కేమా మార్పుకూ పోలిక పూర్తిగా కుదరదు.

ఇంకో కొండ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కజకస్తాన్‌లోని ఆల్మటీ నగరం వెనక, షింబులక్ స్కీయింగ్ కేంద్రానికి పైన, 4,300 మీటర్లు దాటిన ఒక శిఖరం ఉంది. మొదట దాన్ని చిన్న ఆల్మటీ శిఖరం అనేవాళ్లు. కింద పారే చిన్న ఆల్మటీ నది పేరే దానికి వచ్చింది. సోవియట్ కాలంలో దాన్ని కొమ్సొమోల్ శిఖరం చేశారు. కొమ్సొమోల్ అంటే 1918 అక్టోబరు 29న పుట్టిన కమ్యూనిస్టు యువజన సంఘం. కోట్ల మంది యువతీ యువకులు అందులో ఉండేవారు, ఫ్యాక్టరీలూ రైలు మార్గాలే కాదు, ఆమూర్ నది ఒడ్డున ఏకంగా ఒక నగరమే దాని పేరు మీద లేచింది. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు కొమ్సొమోల్ కూడా రద్దయిపోయింది. కజకస్తాన్ స్వతంత్ర దేశమయ్యాక ఆ శిఖరానికి నుర్సుల్తాన్ అని అప్పటి దేశాధ్యక్షుడి పేరు పెట్టారు.

నది పేరు, ఆపై యువజన సంఘం పేరు, ఆపై పాలకుడి పేరు. మూడు పేర్లలో ఏది ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. మొదటిది నేలను చూసి పెట్టింది. మిగతా రెండూ అప్పటి అధికారాన్ని చూసి పెట్టినవి. అదే పాలకుడి పేరు 2019లో దేశ రాజధానికీ పెట్టారు, 2022లో మళ్లీ అస్తానా చేశారు. మధ్య ఆసియాలోనే ఉన్న తజికిస్తాన్‌లో 7,495 మీటర్ల శిఖరం 1932లో స్టాలిన్, 1962లో కమ్యూనిజం, 1998లో ఇస్మొయిల్ సొమోని అయింది. ఒక మనిషి జీవితకాలంలోనే ఒక కొండ మూడు పేర్లు మోసింది. పాత పర్వతారోహకులకు తాము చదువుకున్న గైడు పుస్తకం ఒక పేరు చెబితే, చేతిలో మ్యాపు ఇంకో పేరు చెబుతుంది. ప్రమాదం జరిగి సహాయం కోసం కబురు పెట్టాల్సి వస్తే ఏ పేరు చెప్పాలన్నది ప్రాణాల మీదికి తెచ్చే టెన్షన్.

ఉర్కేమా కథ ఈ రెంటికీ మధ్యలో ఉంది. స్కౌట్ ఉద్యమం కొమ్సొమోల్‌లాగా రద్దయ్యేది కాదు, ఏ ఒక్క ప్రభుత్వం మీదా ఆధారపడ్డది కాదు. అలాగని ఆ మంచు శిఖరం పిల్లలు ఏటేటా నడిచే కాలిఫోర్నియా కొండలాంటిదీ కాదు. తాడు, మంచుగొడ్డలి, బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లు, తోడుగా షెర్పా లేనిదే వెళ్లే చోటు కాదది. అంటే పేరు స్కౌట్లది, కొండ మాత్రం వాళ్ల కాళ్లకు అందనిది. నడక లేని పేరు మ్యాపు మీద ఉంటుంది, నోళ్లలో నానదు.

నేపాల్‌కు కొండలకు మనుషుల పేర్లు పెట్టడం కొత్త కాదు. 1993 ఏప్రిల్ 22న ఎవరెస్టు ఎక్కిన మొదటి నేపాలీ మహిళ పాసాంగ్ ల్హాము షెర్పా దిగివచ్చేటప్పుడు కన్నుమూశారు. జసాంబా అనే 7,351 మీటర్ల శిఖరానికి తరువాత పాసాంగ్ ల్హాము చులి అని పేరు పెట్టారు. అక్కడా ఒక పాత పేరు పక్కకు జరిగింది, నిజమే. కానీ ఆమె ఆ కొండల బిడ్డ. ఆ పేరు పలికే నోళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. 2013లో ఇద్దరు తొలి విజేతల గౌరవార్థం రెండు శిఖరాలకు హిల్లరీ, టెన్జింగ్ పేర్లు పెట్టాలన్న సిఫార్సు వచ్చినప్పుడు ఎంచుకున్నవి అప్పటిదాకా ఎవరూ ఎక్కని శిఖరాలు. ఈ పద్ధతే మేలైనది.

బేడెన్ పావెల్ పేరు దగ్గర ఇంకో ముడి ఉంది. ఉద్యమం వేరు, మనిషి వేరు. ఆయన సామ్రాజ్యపు సైనికుడు. 1896లో ఇప్పటి జింబాబ్వేలో బ్రిటిష్ వాళ్ల మీద మటబెలె జనం చేసిన పోరాటంలో పట్టుబడ్డ ఉవీనీ అనే నాయకుడిని కాల్చి చంపించినందుకు ఆయన మీద విచారణ జరిగింది, నిర్దోషి అని తేల్చారు. 2020 జూన్‌లో జాత్యహంకార వ్యతిరేక నిరసనలు ఊపందుకున్నప్పుడు ఇంగ్లండులోని పూల్ రేవులో, బ్రౌన్‌సీ దీవి వైపు చూస్తూ కూర్చున్న ఆయన విగ్రహాన్ని తాత్కాలికంగా తీసేయాలని స్థానిక కౌన్సిల్ అనుకుంది. పెద్ద వయసు స్కౌట్లు వచ్చి విగ్రహం చుట్టూ కాపలా నిలబడ్డారు. చివరికి చుట్టూ చెక్కలు బిగించారు.

మన దేశంలోనూ ఈ ముడి గురించి మొదటి నుంచీ పట్టింపు ఉంది. 1909లో స్కౌటింగ్ ఇక్కడికి వచ్చినప్పుడు అది తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. భారతీయ పిల్లలను చేర్చుకోలేదు. అందుకే 1916లో అనీ బిసెంట్ మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పెట్టారు. ఆ పిల్లలు టోపీకి బదులు తలపాగా చుట్టారు, మన పాటలు పాడారు. 1917లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ అలహాబాదులో సేవా సమితి స్కౌట్లను నిలబెట్టారు. 1921లో బేడెన్ పావెల్ వచ్చినప్పుడు బిసెంట్ సంఘం ఆయన సంస్థలో కలిసింది. 1937లో ఢిల్లీలో జరిగిన జాంబోరీ అనే స్కౌట్ల పెద్ద సమ్మేళనం సమయంలో భారతీయుల గురించి ఆయన అన్న మాటలు మళ్లీ గాయం చేశాయి, మరుసటి ఏడాది హిందుస్తాన్ స్కౌట్ అసోసియేషన్ విడిగా పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న ఇవన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. అంటే ఇక్కడివాళ్లు ఆ ఉద్యమంలోని మంచిని తీసుకున్నారు, తలపాగాతో తీసుకున్నారు. దాన్ని తమదిగా మార్చుకున్నారు. ఒక ఉద్యమం ఒక నేలలో వేరూనడమంటే ఇదే. కొండ పేరు విషయంలో మాత్రం జరిగింది తలకిందులు, నేలనే ఉద్యమానికి తగ్గట్టు మార్చారు.

అనీ బిసెంట్ 1915లో కాలేజీ స్థాపించిన మదనపల్లె దగ్గర్లోనే తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. హార్సిలీ హిల్స్. వేసవిలో జనం చల్లగాలికి పరిగెత్తే ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని అక్కడి కథ, కొండ మీద ఆమెకు గుడి కూడా ఉంది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర అక్కడ బంగళా కట్టుకోవడంతో కొండ ఆయన పేరున పడింది. దొర వెళ్లిపోయి నూరేళ్లు దాటినా బస్సు బోర్డు మీదా గూగుల్ మ్యాప్స్‌లోనూ ఆయనే ఉన్నాడు, మల్లమ్మ గుడికే పరిమితమైంది. విశాఖలో యారాడ కొండ డాల్ఫిన్స్ నోస్ అయింది కూడా ఇలాగే, సముద్రం మీది నుంచి ఓడలో వస్తూ చూసినవాడి కంటికి అది డాల్ఫిన్ ముక్కు. కింద యారాడలో ఉన్నవాడికి అది తన ఊరి కొండ. ఒకే కొండ, చూసే చోటు వేరు.

ఈ ఉదాహరణలు ఎందుకంటే, పేరు పోవడం ఒక్క రోజులో జరగదు. ముందు రెండు పేర్లూ నడుస్తాయి. తరువాత కాగితాల్లో ఒకటే రాస్తారు. ఆపై బడిలో ఒకటే చెప్తారు. అటుపైన కొండ కింది ఊళ్లోని పిల్లలే బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు పాత పేరు చెప్పడానికి మొహమాటపడతారు. ఆ తరం దాటితే పాత పేరు గుడి అర్చకుడికో, చరిత్ర చదివినవాళ్లకో తప్ప గుర్తుండదు.

దీన్ని ఆపడం పెద్ద కష్టమేమీ కాదు. ఆస్ట్రేలియా 1993లో ఎర్రరాతి కొండకు ఆదివాసుల పేరు ఉలూరును అధికారికంగా చేర్చింది, న్యూజిలాండ్ 1998లో తన ఎత్తైన శిఖరాన్ని ఆవొరాకి మౌంట్ కుక్ అని రెండు పేర్లతో రాయడం మొదలుపెట్టింది. 2024లో అమెరికా తన స్మోకీ పర్వతాల్లోని అత్యున్నత శిఖరానికి చెరోకీ జనం పేరు కువోహీని తిరిగి ఇచ్చింది. వెనక్కి పోయిన సందర్భాలూ ఉన్నాయి. అలాస్కాలోని దెనాలికి 2015లో తిరిగి వచ్చిన స్థానిక పేరు 2025 జనవరిలో మళ్లీ మెకిన్లీ అయింది, మెకిన్లీ అనే ఆ పాత అమెరికా అధ్యక్షుడు ఒక్కసారి కూడా అలాస్కాలో అడుగుపెట్టలేదు. ఉర్కేమా విషయంలో చెయ్యాల్సింది దీనికంటే చాలా చిన్న పని. రాసే ప్రతి చోటా బ్రాకెట్ తీసేసి ఉర్కేమాను ముందు రాయడం, స్కౌట్ పీక్ అన్నదాన్ని తరువాత రాయడం. ఆ పని నేపాల్ స్కౌట్లే మొదలుపెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. లోయలోకి వెళ్లి, పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఏ కొండను ఏమంటారో, ఎందుకంటారో అడిగి రాసుకోవడం స్కౌట్లకు చేతకాని పని కాదు. వాళ్లకు నేర్పిందే అది.

బేడెన్ పావెల్ చివరి రోజులు కెన్యాలోని న్యేరి అనే ఊళ్లో గడిపి, 1941 జనవరి 8న అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి రాయి మీద ఒక వృత్తం, మధ్యలో ఒక చుక్క చెక్కి ఉన్నాయి. పిల్లలు ఆట చివర నేల మీద గీసే గుర్తే అది, ఇంటికి వెళ్లిపోయాను అని. సమాధి ఎదురుగా దూరంగా మంచు కప్పుకున్న ఆఫ్రికా కొండ కనబడుతుంది. కికుయు జనం దాన్ని కిరిన్యాగా అంటారు. 1849లో క్రాప్ఫ్ అనే జర్మన్ మిషనరీ ఆ కొండను దూరం నుంచి చూసి, దీన్నేమంటారని అక్కడివాళ్లను అడిగి, చెవిన పడ్డట్టుగా కెన్యా అని రాసుకున్నాడు. ఆ దేశానికి పేరు ఆ కొండ నుంచే వచ్చింది.